వారసత్వపు లెక్క: ఏ వంతు, దేనిలో వంతు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వారసత్వం గురించి అడగడానికి వచ్చే సోదరులకు వాటాలు తెలిసే ఉంటాయి. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదానిలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. అయినా లెక్క తప్పుతుంది. ఆ వంతు దేనిలో నుంచి తీయాలో చూడకపోవడమే కారణం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు 12 ఎకరాలు వదిలి మరణించాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తల్లిదండ్రులు అంతకు ముందే చనిపోయారు. బోరు అప్పు, భార్యకు చెల్లించని మహర్ కలిపి 3 ఎకరాల విలువ. మూడో వంతు మదర్సాకు ఇవ్వమని వసియ్యత్ చేశాడు.

వసియ్యత్, అప్పు తీరాకే వారసుల వాటాలని దివ్య ఖుర్ఆన్ (నిసా సూరా: 11, 12) ఆదేశం. కఫన్, దఫన్ ఖర్చుల తర్వాత ముందు అప్పు, ఆ పైన వసియ్యత్. మహర్ కూడా అప్పే. కనుక మూడో వంతు 12లో కాదు, మిగిలిన 9లో తీయాలి. అది 3 ఎకరాలు. ఇక వారసులకు మిగిలేది 6 ఎకరాలు.

ఎకరానికి 40 గుంటలు కదా! చాలామంది ఆ 40ని అయిదు పాళ్లు చేసి కొడుకులకు 16 చొప్పున, కూతురికి 8 రాసేస్తారు. అక్కడికే 40 అయిపోయాయి. మరి భార్యకు రావలసిన 5 గుంటలు ఏవి? “అమ్మ మా దగ్గరే ఉంటుంది కదా” అంటూ ఆమె హక్కును మింగేస్తారు.

సరైన పద్ధతి ఇది. కూతురి వాటాను ‘క’ అనుకుందాం.

5 + 2క + 2క + క = 40
5క = 35
క = 7

ఎకరానికి భార్యకు 5, కూతురికి 7, ఒక్కో కొడుకుకు 14 గుంటలు. 6 ఎకరాల్లో వరుసగా 30, 42, 84, 84. కూడితే 240 గుంటలు, సరిగ్గా 6 ఎకరాలు.

ఇలా తెలియని దానికి ఒక పేరు పెట్టి సమీకరణం రాయడం మనకు కొత్త కాదు. ఖలీఫా మామూన్ (813–833) కాలంలో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన ‘అల్ జబ్ర్’ గ్రంథంలో పెద్ద భాగం వసియ్యత్, వారసత్వ లెక్కలే. ఆల్జీబ్రా అనే మాట ఆ పేరు నుంచే వచ్చింది.

ఇంట్లో పిల్లలచేత ఈ లెక్క చేయించండి: ఒక స్త్రీ భర్తను, ఒక కొడుకును, ఒక కూతురిని వదిలి మరణించింది. భర్తకు నాల్గవ వంతు. ఎకరానికి ఎవరికెన్ని గుంటలు? జవాబు: 10, 20, 10.

ఈ వాటాలు అల్లాహ్ నియమించిన హద్దులని, వాటిని మీరేవారికి శిక్ష ఉందని అదే సూరా 13, 14 ఆయతులు హెచ్చరిస్తున్నాయి. హక్కుదారుల హక్కును గుంట కూడా తగ్గకుండా అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.