బరువైన యంత్రములను స్వల్ప వ్యయముతో తరలించు విధము

పంపు ఇరుసులను, ట్రాక్టరు భాగములను గ్రామముననే బాగుచేయించుకొనుటకు సొంత షెడ్డులో పాత లేత్ యంత్రమును నెలకొల్పదలచు రైతులకు ఈ సూచనలు ఉపయోగపడును. అట్టి యంత్రములు ప్రగతి నగర్‌కు చేరువనున్న జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడలలో దొరకును. అయితే బేరము చౌకగా కుదిరినను, యంత్రము ఇల్లు చేరులోపల ఆ లాభమంతయు క్రేను బాడుగకును, విరిగిన భాగములకును చెల్లిపోవుట కలదు.

దూరమునకు భయపడ నక్కరలేదు. బరువు ఒక ఆధారమునుండి మరియొక ఆధారమునకు మారు తావుననే ప్రమాదము పొంచియుండును. హుస్సేన్‌సాగర్ నడుమ నున్న బుద్ధ విగ్రహమే ఇందుకు తార్కాణము. మూడు వందల టన్నులకు మించిన ఆ ఏకశిల భువనగిరి చెంతనున్న రాయగిరినుండి రోడ్డు మార్గమున క్షేమముగా నగరము చేరెను. 1990 మార్చి 10వ తేదీన పంటుపై నెక్కించి నీటిలో కొనిపోవుచుండగా పంటు ఒరిగి విగ్రహము మునిగెను; పనివారు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరు 1వ తేదీన గాని అది పీఠమెక్కలేదు. లేత్ విషయమున అట్టి తావులు రెండు: నేలనుండి బండిమీదికి, బండినుండి నేలమీదికి.

ముందుగా మోటారును, చక్కును, విప్పదగిన ఇతర భాగములను వేరుచేసి నూనె తీసివేయవలెను. లేత్ బరువంతయు హెడ్‌స్టాక్ వైపు మొగ్గియుండును. కావున క్యారేజిని, టెయిల్‌స్టాక్‌ను రెండవ కొనకు జరిపి బిగించినచో తూకము కొంత కుదురును. కాళ్ల రంధ్రములగుండా బోల్టులు దిగవేసి, పీఠముకంటె వెడల్పైన రెండు దూలములకు యంత్రమును బిగింపవలెను. పొడవుగా, ఇరుకుగా నుండు యంత్రము పక్కకు పడిపోకుండ కాపాడునవి ఈ దూలములే.

అయిదడుగుల గునపమునకు మొననుండి మూడంగుళములలో ఆనుడు పెట్టినచో, మనిషి వేసిన బలము సుమారు 19 రెట్లగును. అనగా 40 కిలోల ఒత్తిడితో 760 కిలోలను కదల్పవచ్చును. ఒక్కొక్కసారి అంగుళము మాత్రమే లేపి, వెంటనే చెక్క దిమ్మ పెట్టవలెను. గునపముమీదనే బరువు నిలిపి క్రింద చేయి పెట్టుట వ్రేళ్లు పోగొట్టుకొనుటయే.

ఒకే కొలతగల మందపు ఇనుప గొట్టములపై యంత్రమును దొర్లింపవచ్చును. మూడు గొట్టములు ఎప్పుడును క్రింద నుండగా, నాలుగవది ముందు వేయవలెను. దారి మళ్లించుటకు ముందటి గొట్టమును సుత్తితో తట్టిన చాలును. గొట్టపు బోలులో వ్రేళ్లు దూర్పరాదు. మట్టి నేలపై పలకలు పరువనిదే గొట్టములు దిగబడును. ఎద్దులను కట్టరాదు. అవి మంచి పనివే గాని కుదుపుతో లాగును.

ధనము వెచ్చింపదగినది మొదటి తావున. పట్టణములో క్రేను దగ్గరనే దొరకును. ఒక్క ఎత్తుతో పని ముగియును. పట్టీలను బెడ్‌కు తగిలింపవలెను గాని లీడ్‌స్క్రూకు తగిలింపరాదు. అది వంగినచో మరలు కోయు పని చెడును. ట్రాలీలో నలువైపుల మోకులతో బిగించి, నూనె పూసిన పనితలములను టార్పాలినుతో కప్పవలెను.

గ్రామమునకు క్రేనును రప్పించిన రానుపోను బాడుగ కూడ మీద పడును. దానికి బదులు ట్రాలీ చక్రములు దిగునట్లు ఏటవాలు గొయ్యి త్రవ్వి, ట్రాలీ అడుగును నేలతో సమము చేయవలెను. తగిన ఎత్తుగల గట్టి గట్టున్న రైతుకు ఈ త్రవ్వకమును తప్పును. గట్టు అంచు విరుగకుండ దళసరి పలకలు పరువవలెను. ట్రాక్టరును విప్పరాదు, ట్రాలీ వెనుక అంచు క్రింద దిమ్మలు పెట్టవలెను. లేనియెడల బరువు అంచునకు రాగానే ట్రాలీ ముందుభాగము పైకి లేచును.

వాలు తప్పనిచోట మరింత జాగ్రత్త వలయును. ఆరడుగులకు అడుగు వాలున టన్ను బరువు సుమారు 165 కిలోల బలముతో క్రిందికి లాగును. బలమైన చెట్టుకు మోకును రెండుమూడు చుట్లు వేసి మెల్లగా వదలినచో ఒక్క మనిషి దానిని నిలుపగలడు. యంత్రము దిగువ వైపున ఎవరును నిలువరాదు.

షెడ్డులో కాంక్రీటు దిమ్మ కనీసము వారము దినములు తడుపబడి గట్టిపడిన పిదప యంత్రమును నిలిపి, రసమట్టముతో బెడ్‌ను నిడివిగను, అడ్డముగను సరిచూచి, సన్నని రేకులు వేసి బోల్టులు బిగింపవలెను. కరెంటు కలిపినప్పుడు మోటారు విలోమముగా తిరిగినచో, విద్యుత్తు ఆపి మూడు ఫేజులలో రెండింటిని తారుమారు చేయించిన సరిపోవును.