చిన్న దెబ్బకే ఎముక విరిగిందా? నర్సుతో మాట్లాడండి



వాకిట్లో జారి, చెయ్యి ఆనించి పడినంత మాత్రానికే మణికట్టు విరిగి వచ్చే తల్లులను మా ఓపీలో తరచూ చూస్తుంటాం. కట్టు వేయించుకుంటారు. కట్టు విప్పాక పని అయిపోయిందనుకుంటారు. ఒకప్పుడు మేమూ అలాగే పంపించేవాళ్లం. వారిలో కొందరు తర్వాత తుంటి విరిగి స్ట్రెచర్ మీద వచ్చినప్పుడు చాలా బాధపడ్డాం. ఇంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరిగిందని మేము మొదటిసారే అడగవలసింది.

ఎముకలు గుల్లబారడం అంటే ఏమిటి?

ఎముక పలచబడి పెళుసుగా మారడాన్ని ఆస్టియోపొరోసిస్ అంటారు. సాధారణంగా విరిగేదాకా నొప్పి తెలియదు. బహిష్టులు ఆగిపోయిన స్త్రీలలో ఎక్కువ. ఆయాసానికో, కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడే పురుషులకూ రావచ్చు. అయితే ఆ మాత్రలను మీ అంతట మీరు ఆపకండి. డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకంటే తక్కువ గాని ఉంటే ఈ జబ్బు ఉన్నట్లు.

నర్సు ఏమి చేస్తారు?

1. మీ ఎత్తు కొలిచి రాస్తారు. ఎత్తు తగ్గుతుంటే వెన్నుపూసలు నలిగాయేమో డాక్టరుగారు చూస్తారు.

2. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారో అడుగుతారు. దాచవద్దు. స్నానాలగది తడి, రాత్రి చీకటి, అరిగిన చెప్పులు, చూపు మందగించడం, మత్తునిచ్చే మందులు పడేయవచ్చు.

3. తిండి గురించి చెబుతారు. బహిష్టులు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. పాలు, పెరుగు, రాగి జావ మంచివి.

4. మాత్ర వేసుకునే పద్ధతి నేర్పుతారు. అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒక్కటే. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. ఆ తర్వాత అరగంట పడుకోకూడదు. కాఫీ, టిఫిను, కాల్షియం మాత్ర తీసుకోకూడదు. లేకపోతే మందు ఒంటికి పట్టదు, అన్నవాహిక పుండు పడవచ్చు. ఆదివారం ఆరాధనకు తయారయ్యే ముందు వేసుకుంటే మరిచిపోరు. గుండెమంట కొత్తగా వచ్చినా, ఎక్కువైనా, మింగేటప్పుడు నొప్పి వచ్చినా తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆపి, వెంటనే డాక్టరుగారికి చెప్పండి. నొప్పి లేదని అనిపించినంత మాత్రాన మానేయకుండా ముందు నర్సును అడగండి.

50 ఏళ్లు దాటాక చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు మీ ఇంట్లో ఉన్నారా? కట్టు విప్పి ఎన్నేళ్లయినా సరే, వారిని తీసుకురండి. రెండో ఎముక విరగకముందే మనం చేయగలిగింది ఎంతో ఉంది.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యం దయచేయును గాక.