లామా పిల్లను ముద్దు చేయవచ్చా?

లద్దాఖ్‌లోని నుబ్రా లోయలో రెండు మూపురాల ఒంటెలను మీలో కొందరు చూసే ఉంటారు. ఇంట్లోవాళ్ల పోస్టింగ్ అటువైపు పడితే వాటి మీదెక్కి ఫోటో కూడా దిగి ఉంటారు. ఆ ఒంటెలకు మూపురం లేని చుట్టాలు దక్షిణ అమెరికాలో ఉన్నాయి. అవే లామా, అల్పాకా. వాటిని సాకడం అక్కడి పిల్లలు ఎలా నేర్చుకుంటారో ఈసారి చదువుకుందాం.

పెరూ, బొలీవియా దేశాల్లో ఆండీస్ పర్వతాల మీద సుమారు 4,000 మీటర్ల ఎత్తున పంటలు అంతగా పండవు. గడ్డి మాత్రం మొలుస్తుంది. అందుకే అక్కడి కెచువా, ఐమారా కుటుంబాలకు మందే ఆస్తి. లామా పెద్దది, బరువులు మోస్తుంది. పాతిక ముప్పై కిలోలు దాటితే మాత్రం కూలబడి మొరాయిస్తుంది. అల్పాకా చిన్నది, దాన్ని ఉన్ని కోసం పెంచుతారు. రెండింటికీ తేడా తెలియకపోతే చెవులు చూడండి. లామా చెవులు అరటిపండులా వంగి ఉంటాయి, అల్పాకావి పొట్టిగా, నిటారుగా ఉంటాయి.

అక్కడి పిల్లలు అమ్మ వెంటో తాత వెంటో మంద వెనుక నడుస్తూ పని నేర్చుకుంటారు. చేతిలో ఉన్నితో పేనిన ఒడిసెల ఉంటుంది. మన జొన్నచేలల్లో పిట్టలను తోలే ఒడిసెల లాంటిదే. దారి తప్పిన జంతువుకు కాస్త అవతల రాయి పడేలా విసిరితే అది మందలోకి మళ్లుతుంది.

ఈనే కాలంలో అసలు పని. లామాలు, అల్పాకాలు పదకొండు నెలలకు పైగా పిల్లను మోసి, ఎక్కువగా పగటిపూటే ఈనుతాయి. మన ఆవు దూడను నాకి ఆరబెడుతుంది కదా, ఈ తల్లులు అలా నాకవు. ఎండా గాలే పిల్లను ఆరబెట్టాలి. చీకటి పడేలోగా అది ఆరిందా, లేచి పాలు తాగిందా అని కనిపెట్టి చూడాలి. తడి ఒంటితో ఆ రాత్రి చలికి చిక్కితే పిల్ల దక్కదు.

గత శతాబ్దంలో ఈ జంతువులు అమెరికా సంయుక్త రాష్ట్రాలకూ చేరాయి. అక్కడ ఫోర్-హెచ్ అనే బాలల సంఘాల్లో పిల్లలు లామాకు పలుపు వేసి నడిపించడం, గోళ్లు కత్తిరించడం, మేత లెక్క రాయడం నేర్చుకుంటారు. వాళ్లు తెలుసుకునే ఒక విషయం మనకు వింతగా ఉంటుంది. మగపిల్లను మరీ ముద్దు చేయకూడదు! క్వార్టర్స్ వెనుక దొరికిన కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని పెంచే మనకు ఇది మింగుడుపడదు. కానీ మంద నుంచి వేరు చేసి సీసాపాలతో పెంచిన మగలామా మనుషులను తన జాతే అనుకుంటుంది. పెద్దయ్యాక మగలామాలు ఒకదానితో ఒకటి పోట్లాడినట్టే మనిషి మీదికి వస్తుంది, రొమ్ముతో గుద్దుతుంది, కరుస్తుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. అందుకే పాలు పట్టవలసి వచ్చినా, పట్టేసి దాన్ని మంద దగ్గర వదిలేసి రావాలి.

లామాను ఒంటరిగా పెంచినా బెంగపడుతుంది. కొత్త బడిలో మొదటి వారం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

ఇక ఉమ్మి సంగతి. ఎక్కువగా మేత దగ్గర తగవులొచ్చి ఒకదాని మీద ఒకటి ఉమ్ముకుంటాయి. చెవులు వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తిందంటే రెండడుగులు వెనక్కి వేయండి. ఆ ఉమ్మిలో కడుపులో నానిన పచ్చగడ్డి కూడా ఉంటుంది, కంపు భరించలేం.