దడ తెప్పించే ముందు

అమ్మలూ,

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో వచ్చే నెల నుంచి నీకు గుండె కరెంటు దారులు చూసే ఈపీ ల్యాబ్‌లో డ్యూటీ వేశారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. యంత్రాల సంగతి మీ మేడమ్‌లు నేర్పుతారు. ఆ బల్ల మీద పడుకున్నవాళ్ళకు ఎలా ఉంటుందో నేను చెబుతాను. పోయిన ఏడాది పడుకున్నవాణ్ణి కదా.

నా గుండెదడ నువ్వూ చూశావు. కింద పడ్డ పేపరు తీద్దామని వంగితే చాలు, స్విచ్ వేసినట్టు మొదలయ్యేది. నిమిషానికి 180. మెడలో నరం టపటపా కొట్టుకునేది. ఒకసారి పావుగంట, ఒకసారి గంట, ఆ తరవాత మొదలైనట్టే ఠక్కున ఆగేది. ఆస్పత్రికి చేరేసరికి ఈసీజీ శుభ్రంగా ఉండేది. నాలుగేళ్ళపాటు గ్యాస్ అన్నారు, కంగారు మనిషినన్నారు. చివరికి మీ నానమ్మ కూడా అదే నమ్మింది. ఒకరోజు దడ ఉండగానే మన వీధి చివరి నర్సింగ్ హోమ్‌కి పోయి తీయించుకున్న ఆ ఒక్క ఈసీజీ కాగితంతో జబ్బేమిటో తేలింది. ఎవరైనా దడ అంటూ వస్తే, అది ఉన్నప్పుడు తీసిన ఈసీజీ ఉందా అని అడుగు. లేదంటే వాళ్ళ మాట అబద్ధమని మాత్రం అనుకోకు.

గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగే చోటు ఏవీ నోడ్. సునావో తవారా అనే జపాను వైద్యుడు 1906లో దాన్ని వివరించాడు. నాలాంటివాళ్ళకు అక్కడ రెండు దారులుంటాయి, ఒకటి వేగంగా పోయేది, ఒకటి నిదానంగా పోయేది. ఒక దారిన దిగిన కరెంటు రెండోదాని మీదుగా పైకెక్కి, మళ్ళీ దిగి, గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. చుట్టుకొకసారి గుండె కొట్టుకుంటుంది. ఆ నిదానపు దారిని కాస్త కాల్చేస్తే చుట్టు తెగిపోతుంది. అబ్లేషన్ అంటే అదే.

ల్యాబ్‌లో చలి ఎముకల్లోకి దిగుతుంది, దుప్పటి అడిగేదాకా ఆగకు. గజ్జలో మత్తుసూది కందిరీగ కుట్టినట్టు చురుక్కుమంది, అంతే. అక్కడి సిరలోంచి సన్నటి తీగలు గుండెదాకా వెళ్ళాయని కూడా నాకు తెలియలేదు.

ఆ తరవాత, చెప్పాపెట్టకుండా, దడ మొదలైంది.

కావాలనే తెప్పిస్తారట. తీగల గుండా చిన్న చిన్న కరెంటు దెబ్బలిస్తారు, అప్పటికీ రాకపోతే ఐసోప్రినలిన్ ఎక్కిస్తారు. దడ నడుస్తుంటేనే కరెంటు ఏ దారిన తిరుగుతోందో తేలుతుంది. ఇదంతా తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఏదో పొరపాటు జరిగింది, ఈ బల్ల మీదే పోతున్నాననుకున్నాను. చెయ్యెత్తి తుడుచుకోవడానికి లేదు, కంట్లో నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. నీ ఈడు పిల్లే ఒకతె దూదితో తుడిచి, "మేమే తెప్పించాం సార్. మేమే ఆపుతాం" అంది. ఆ మాటతో నా పిడికిళ్ళు సడలాయి. అదే మాట రెండు నిమిషాల ముందు ఎవరైనా అనుంటే ఎంత బాగుండేది! అమ్మలూ, నువ్వు మొదటి రోజు నుంచీ ఆ మాట ముందే చెప్పు. ఎవరూ చెప్పమనకపోయినా సరే.

కాల్చేటప్పుడు గుండెలో వెచ్చగా అనిపించింది. దగ్గొద్దు, గట్టిగా ఊపిరి తీయొద్దు అన్నారు. కాల్చే చోటికి కొన్ని మిల్లీమీటర్ల అవతలే గుండెకు కావలసిన అసలు దారి ఉంటుంది. అది దెబ్బతింటే ఇక పేస్‌మేకరే గతి. అలా జరగడం అరుదు, నూటికి ఒకరికి మించదు. కానీ ఆ అరనిమిషం, నిమిషం తెర మీంచి నీ చూపు మరలకూడదు. ఏదైనా తేడా కనబడితే అదేమిటో తేలేదాకా ఆగకు, వెంటనే డాక్టరుకు వినబడేలా చెప్పు.

కాల్చాక అరగంట ఆగారు. ఆ పిల్లే మళ్ళీ వచ్చింది. "ఇంకోసారి తెప్పించి చూస్తాం సార్, ఈసారి రాకూడదు" అంది. గుండెలో నాలుగు దెబ్బలు పడ్డాయి. ఎదురుచూశాను. మళ్ళీ నాలుగు. మందెక్కించి మళ్ళీ చూశారు. గుండె కొంచెం ఉరికింది, మెల్లగా సర్దుకుంది. మెడలో నరం కొట్టుకోలేదు.

మీ తాతయ్య