కథలు వ్రాసిన విద్యార్థి

గత వేసవి సెలవులలో మా పాఠశాల బాలికలు పలువురు ఒక కొరియాదేశపు టెలివిజను ధారావాహికను చూచి, పాఠశాల తెఱచిన పిదపకూడ దానిని గూర్చియే ముచ్చటించుకొనుచుండిరి. మేము తరగతిలో నడుగుపెట్టినంతనే మాటలు మాని పుస్తకములు తెఱచుట చూచి, అదియేమో తెలిసికొనవలెనని మాకును కుతూహలము కలిగెను. గంటకు పైబడిన భాగములు 20. అన్నియు చూచితిమి. రెండు మూడు రాత్రులు నిద్ర చెడినదని యొప్పుకొనుటకు మేము సిగ్గుపడము.

ఆ ధారావాహిక పేరును తెలుగున "కొత్తగా కొలువు చేరిన చరిత్రలేఖిక గూ హేర్యోంగ్" అని చెప్పవచ్చును. 2019వ సంవత్సరము జూలై మొదలు సెప్టెంబరు వఱకు ఎం.బి.సి. అను కొరియా సంస్థ దానిని ప్రసారము చేసినది. కథ జరిగిన కాలము 19వ శతాబ్ది తొలిభాగము; దేశము జోసొన్ రాజ్యము. లీ రిమ్ అను ఇరువది యేండ్ల రాకుమారుడు కోటలో నొక మూల మందిరమున దాదాపు బందీవలె పెరుగుచు, "మేహ్వా" అను మాఱుపేరుతో ప్రణయకథలు వ్రాసి నగరములోని పుస్తకపు అంగళ్ళకు పంపుచుండును. మేహ్వా యనగా ప్లముపువ్వు. నగరములోని స్త్రీలు ఆ కథలకై యెదురుచూచుచుందురు. వ్రాసినవా డెవడో యెవరికిని తెలియదు. గూ హేర్యోంగ్ అను యువతి మాత్రము ఆ పుస్తకము చదువుచు ఆవులించి, ఎదుట నున్నవాడే గ్రంథకర్త యని యెఱుగక, అందు సారము లేదని మొగముమీదనే చెప్పివేయును. పిమ్మట ఆమెయే ధనావసరముచే తానే మేహ్వానని నటింపవలసివచ్చును. నవ్వు పుట్టించు ఘట్టములలో నివి ముఖ్యమైనవి. కథకుడగు రాకుమారుడు తన పాఠకురాలి ముఖమును మొదటిసారి చూచుట యెంత అవమానకరముగా నుండునో అంత మేలుగాను నుండునని మాకు తోచినది.

ఇంతవఱకు వినోదమే. అయితే రాజు ఆజ్ఞచే కథాగ్రంథముల నిల్లిల్లు వెదకి తెచ్చి కాల్చుటయు, రాకుమారుని గుట్టు బయలుపడగా ఇక చదువనురాదు, వ్రాయనురాదని తండ్రి శాసించుటయు చూచిన పిమ్మట, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మమ్ము నిట్లడిగెను: "మాస్టరుగారూ, కథలు వ్రాసినందుకు నిజముగా శిక్షించిరా అండీ? లేక ఇది కూడ కల్పనయేనా?" ఆ ప్రశ్నకు తరగతిలో చెప్పుటకు సమయము చాలలేదు. అందుచేత నిక్కడ వ్రాయుచున్నాము.

కల్పన యేదో ముందు చెప్పవలెను. ఆ రాకుమారుడు కల్పితుడు. స్త్రీలను రాజాస్థాన చరిత్రలేఖకులుగా నియమించుటయు జోసొన్ రాజ్యమున జరుగలేదు. కాని చరిత్రలేఖకు లుండుట సత్యము. రాజు మాటలను, చేష్టలను దినదినము వ్రాసియుంచు యువకోద్యోగులు యేమున్‌గ్వాన్ అను కార్యాలయమున పనిచేయుచుండిరి. వారు వ్రాసినదానిని రాజు చూడరాదని నియమము. నాటకములో హేర్యోంగ్ పనిచేయు కార్యాలయ మదియే. కథలు కాల్చుటయు సత్యమే. విచిత్ర మేమనగా, ఆ కాల్పు ఆ కార్యాలయములోనే జరిగినది! 1787లో అక్కడ రాత్రి కాపలాకు నియమింపబడిన కిమ్ జోసున్, లీ సంగ్‌హ్వాంగ్ అను నిరువురు యువకులు పొద్దుపోవుటకై చైనాదేశపు ప్రణయకథ నొకదానిని చదువుచుండిరి. రాజు జోంగ్జో అది తెలిసికొని పుస్తకములను కాల్పించెను. రాజ్యపు అధికారచరిత్రయందే ఈ సంగతి వ్రాయబడియున్నది.

జోంగ్జో మూర్ఖుడు కాడు. 1776 మొదలు 1800 వఱకు రాజ్యము చేసెను. సింహాసన మెక్కిన యేడే గ్యుజాంగ్గాక్ అను గొప్ప గ్రంథాలయమును స్థాపించెను. స్వయముగా గొప్ప పండితుడు. శైలి చెడినచో మనసు చెడును, మనసు చెడినచో రాజ్యము చెడును అని యాతడు నమ్మెను. 1791లో కథోలిక మతము నవలంబించిన ఇరువురు పెద్దింటివారు పితృదేవతల పలకలను కాల్చినందుకు మరణశిక్ష పొందిరి. పాశ్చాత్య విద్య వ్యాపింపకుండవలెనన్న ముందు చైనానుండి వచ్చు కథాగ్రంథములను ఆపవలెనని రాజు వాదించెను. కథకును మతమునకును సంబంధ మేమని మనము నవ్వవచ్చును. పెద్దల యనుమతి లేక చాటున చదువబడు పుస్తకము లన్నియు ఆయన కంటికి ఒక్క రంగుననే కనబడెను కాబోలు. 1792లో శైలిని సరిదిద్దు శాసనము బయలుదేరెను. కొరియనులు దానిని "మున్చే బాంజోంగ్" అందురు.

ఇప్పు డసలు విద్యార్థి వచ్చుచున్నాడు. పేరు లీ ఓక్, 1760లో పుట్టెను. 1790లో ప్రవేశపరీక్ష నెగ్గి, రాజధానిలోని సొంగ్గ్యున్‌గ్వాన్ అను రాజవిద్యాలయమున చేరెను. ఆ విద్యాలయమున చదివి పెద్ద పరీక్ష నెగ్గినచో ఉద్యోగము, గౌరవము, కుటుంబమునకు అన్నము. 1792లో రాజు విద్యార్థుల వ్రాతలు పరిశీలించుచు లీ ఓక్ పత్రమును చూచి, ఇది యంతయు కథల శైలియే యని కోపించెను. నాలుగేసి, ఆఱేసి అక్షరముల పాదములతో సాగు సంప్రదాయ రచనలు 50 వ్రాసి, పాత వాసన పూర్తిగ పోయిన పిదపగాని పరీక్షకు రాకూడదని యాజ్ఞాపించెను. నేడు మేము బాలురచేత "ఇక నట్లు చేయను" అని నూరుమార్లు వ్రాయించుట దానికి చుట్టమే.

అందఱును దండన పొందలేదు. యేమున్‌గ్వానులో పట్టుబడిన కిమ్ జోసున్ చక్కని క్షమాపణపత్రము వ్రాసి రాజు మెప్పు పొందెను. 1802లో ఆయన కుమార్తె పట్టపురాణి యయ్యెను. ప్రసిద్ధ రచయిత పాక్ జివొన్ తన చైనాయాత్రా గ్రంథమువలన శైలి చెడగొట్టినవాడని నింద మోసినను పదవి పోలేదు. లీ ఓక్‌కు వెనుక నిలుచువారు లేరు. మరియు, ఈ సంగతి మేము పదేపదే తలచుకొనునది, ఆయన శైలిని మార్చుకొననులేదు. మార్చుకొనలేకపోయెనో, ఒల్లకపోయెనో, ఆయన వ్రాతలు చదివినవారు రెండవదే నిజమందురు.

1795లో మరల నట్టి శైలియే కనబడగా పరీక్షలు నిషేధించి, పేరును సైనికుల పట్టికలో చేర్చి దూరమునకు పంపిరి. 1796లో ఒక పరీక్షయందు మొదటివాడుగా వచ్చెను. శైలిదోషమని ఆ పేరును పట్టిక తుదకు దింపిరి. అది చదివినప్పుడు, ఎన్నియో యేండ్లుగా మార్కులు వేయుచున్న మా చేయి కొంచెము వణకినది. అంతటితో తీరలేదు. సైనికపట్టికనుండి పేరు కొట్టివేయబడలేదని 1799లో దక్షిణపు కొనయందలి సామ్గా అను ఊరికి మరల పోవలసివచ్చెను. అచ్చట ఆయన చేసిన పనియేమి? సంతరోజున గది కాగితపు కిటికీలోని రంధ్రముగుండ చూచుచు, దారిని పోవువా రెవరు, ఏమి మోసికొని పోవుచున్నారు, ఎవ్వరిని చూచి నవ్వుచున్నారు అని వ్రాసికొనెను. ఏ శైలికై దూరమునకు పంపబడెనో ఆ శైలితోనే!

నాటకములోని రాకుమారునికి మాఱుపేరు కలదు, కోటగోడ కలదు, దాచిపెట్టు సేవకులు కలరు. విద్యార్థియైన లీ ఓక్ తన పేరు వ్రాసిన పత్రములోనే, రాజు చూచునని తెలిసియే, అట్లు వ్రాసెను. ధారావాహికలో మాకు కొదువగా తోచినది ఇదియే: భయము దృశ్యమున నున్నది గాని, అన్నము పోవునను చింత లేదు.

ఆయన వ్రాసిన ప్రణయకథ యొకటి "సిమ్ అను యువకుని చరిత్ర". రాజుగారి ఊరేగింపు చూచి తిరిగి వచ్చుచు సిమ్ రాజధాని వీథిలో, దాసి వీపుపై ఊదారంగు పట్టువస్త్రము కప్పుకొని పోవు నొక కన్యను చూచును. గాలికి వస్త్రము తొలగి చూపులు కలియును. ఆమె ఖజానాశాఖలో లెక్కలు చూచి విరమించిన యుద్యోగి కూతురు, కులమున తక్కువది. అతడు రాత్రి రాత్రి ఆమె గోడక్రింద కూర్చుండును, మాట లేదు, సైగ లేదు. ముప్పది రాత్రులు గడచిన పిదప ఆమె తలిదండ్రులతో చెప్పి యతని నంగీకరించును. అతని పెద్ద లనుమానపడి చదువు నెపమున కొండమీది మఠమునకు పంపుదురు. ఆమె వ్యాధిపడి, ఒక జాబు వ్రాసి పంపి, మరణించును. అతడును చిరకాలము బ్రతుకడు. సుఖాంతము కాదు, ఆనాటి కులవ్యవస్థలో సుఖాంతము వ్రాసినచో అబద్ధమై యుండెడిది.

కథ చివర లీ ఓక్ చెప్పిన మాట మాబోటివారి కెంతయు ముఖ్యము. తాను పండ్రెండేండ్ల వయసున పల్లె బడిలో చదువుకొనుచుండగా గురువే ఈ కథ చెప్పెనట. ఆ గురువు సిమ్‌తో కూడ మఠమున చదివినవాడు. జాబు వచ్చినప్పుడు అతడు విలపించుట కన్నులార చూచినవాడు. కథ ముగించి గురువు పిల్లలతో ననెనట: మీ రతనివలె తిరుగుడని చెప్పుటలేదు, కాని పట్టుదల యున్నచో అంతఃపురములోని కన్యయే లభించినప్పుడు, విద్య లభింపదా, పరీక్ష లభింపదా? ప్రేమకథ చెప్పినందుకు తల్లిదండ్రులు తప్పుపట్టుదురేమోయని, దానికి పరీక్షల పూతపూసిన ఆ పల్లె గురువును తలచుకొని మేము చాలసేపు నవ్వితిమి. ఆయన పేరు మిగులలేదు. ఆయన చెప్పిన కథ మాత్రము మిగిలినది.

అది మిగులుటకు కారణము స్నేహితుడు. విద్యాలయమున కూడ చదివిన కిమ్ ర్యో అనునతడు తానును 1797లోను 1801లోను దేశపు కొనలకు వెళ్ళగొట్టబడినవాడే. లీ ఓక్ పదవి యేదియు పొందక నమ్యాంగ్ అను స్వగ్రామమున పక్షులను, పురుగులను గూర్చియు, పొగాకును గూర్చియు గ్రంథములు వ్రాసికొనుచు 1815లో మరణించెను. కిమ్ ర్యో మిత్రుని వ్రాతలను సేకరించి తన సంపుటములలో చేర్చెను. లేనిచో, రాజు కోపించెనను వాక్యము తప్ప మఱేమియు మనకు దొరకకపోయెడిది.

ఇప్పుడు మా సంగతి. నిరుడు పరీక్షల ముందు గణితపు నోటుపుస్తకములు దిద్దుచుండగా, ఒకదాని వెనుకవైపునుండి మొదలై 16 పుటల కథ యొకటి కనబడినది. దానిలో రైలుస్టేషనులో టీ అమ్ము బాలుడొకడు, ప్రతిదినము ఆఱుగంటల బండిలో పోవు నొక అమ్మాయి. లెక్కలు సగము తప్పు. మేము పుస్తకమును తీసికొని, తల్లిదండ్రులకు జాబు వ్రాసెదమని భయపెట్టితిమి; వ్రాయలేదు. విద్యార్థి ఏడ్వలేదు, క్షమాపణయు కోరలేదు. కొత్త నోటుపుస్తకము కొని లెక్కలు చేయ మొదలుపెట్టెను. మేము ఆ కథను రెండుమార్లు చదివితిమి. టీ గ్లాసులను లెక్కించు ఘట్టము చాల బాగున్నది. అమ్మాయి పేరు మూడవ పుటలో నొకటి, పదియవ పుటలో మఱియొకటి, అది సరిచేయవలెను.

పుస్తకము మా మేజా సొరుగులో నున్నది. కథ 16వ పుట అడుగున, బండి కూత వినబడెననుచోట, వాక్యము మధ్యనే ఆగినది. విద్యార్థి వచ్చి తీసికొనిపోవచ్చును. బండి ఆగినదో లేదో తెలిసినచో మాకును చెప్పవలెను.