కారణం రాసే గడి

మనుబోలు

అమ్మణ్ణీ,

శ్రీసిటీలో లైను మీద వేలాడే బోర్డులో నీ పీసుల అంకె ఎర్రబడితే గుండె దడదడలాడుతోందని ఫోనులో చెప్పావు. టైంకీపరుగా చేసినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తాను.

మా రోజుల్లో హాజరుకు కార్డు పంచింగు. మనుబోలు నుంచి వచ్చే ప్యాసింజరు సిగ్నల్ దగ్గర నిలిచిపోయిందంటే సగం షిఫ్టుకు ఎర్ర సిరా పడేది. పక్క గడిలో 'రైలు లేటు' అని రాస్తే కోత తప్పేది. ఒకసారి ఆలస్యంగా వచ్చిన ఒకామెకు ఆ గడిలో ఏమీ రాయలేదు. బిడ్డను ఆస్పత్రిలో చూపించి వచ్చిందట, నేను అడగలేదు. ఆమెకు పూట కూలి పోయింది. ఇప్పటికీ గుర్తొస్తుంది.

మీ బోర్డులో అసలు అలా కారణం రాసే గడి ఉందా? ముందు అది చూడు. అది లేకపోతే ఏమవుతుందో ఉపాధి హామీ పనిలో చూశాం. అక్కడ 2023 జనవరి 1 నుంచి హాజరుకు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తీయాలన్నారు. సిగ్నల్ సరిగా అందక, తవ్విన గుంట ఎదురుగా ఉన్నా హాజరు పడని రోజులుండేవి.

తర్వాత లెక్క. పీసుకు నిమిషం చొప్పున 8 గంటలకు 480 అంటారనుకో. భోజనానికి 30, రెండు టీలకు 20 తీసేస్తే మిగిలేది 430 నిమిషాలే. పైగా మెటీరియల్ రాక నువ్వు చేతులు కట్టుకుని నిలబడ్డ సేపు కూడా మిషను నీ ఖాతాలోనే వేస్తుంది. దానికి తెలిసింది రెండు స్కాన్ల మధ్య ఎంత సేపు పట్టిందనేదే.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచీ పట్టుకుని పని కొలవబోతే పోత పనివాళ్లు బయటికి నడిచారు. 1915లో అక్కడి కాంగ్రెస్ సైనిక కర్మాగారాల్లో ఆ గడియారాన్నే వద్దంది. 2023 డిసెంబరులో ఫ్రాన్సులో సమాచార రక్షణ సంస్థ అమెజాన్ గోదాముల కంపెనీకి 3 కోట్ల 20 లక్షల యూరోల జరిమానా వేసింది. అక్కడ స్కానరు పది నిమిషాలు ఊరుకున్నా తప్పే, ఒక వస్తువు తర్వాత ఇంకోటి సెకనుంబావు లోపే స్కాన్ చేసినా తప్పే! నెమ్మదిగా చేసినా, తొందరపడినా దొంగలాగే చూశారన్నమాట.

లైన్ లీడరుతో వాదన పెట్టుకోకు. అతని మీదా ఇంకో బోర్డు ఉంటుంది. చిన్న నోట్‌బుక్ కొనుక్కుని గంట గంటకూ రాయి: ఎన్ని చేశావు, లైను ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. పెన్సిలుతో కాదు, పెన్నుతో.

వారాంతపు సెలవుకు వచ్చేటప్పుడు అది తీసుకురా. నా కళ్లజోడు పవరు మారింది, కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

మీ తాతయ్య