తొలి ఏట తన శక్తిని తాను తెలిసికొనుట

ఇంటరు ముగించి డిగ్రీ కళాశాలలో అడుగిడిన బాలబాలికలను "ఈ చదువు నేల ఎన్నుకొంటివి?" అని అడిగినచో సాధారణముగా మూడు సమాధానములు వినవచ్చును. వచ్చిన మార్కులకు ఇదియే దొరికినదని ఒకరు, స్నేహితుడు చేరినందున చేరితినని ఒకరు, ఊరిలో పెద్దలు చెప్పిరని ఇంకొకరు పలుకుదురు. ఈ మూడింటిలోను చదువవలసిన విద్యార్థి ఊసు లేదు. తన శక్తి యేమో తెలియనివాడు పరుల మాట చొప్పున నడచును. మూడేండ్లు గడచిన పిదప చేతిలో పట్టా ఉండును గాని ముందు తోవ ఉండదు. ఆ తోవను వెదకుకొను విధమును ఈ పాఠమున విచారింతము.

మన కర్నూలు, కడప సీమలలో ఈ చిక్కు మఱింత బిగువైనది. కోసిగి, ఆలూరు, మంత్రాలయము ప్రాంతములనుండి ఎన్నియో కుటుంబములు పనులు లేని నెలలలో సుగ్గికై గుంటూరు మిరపచేలకు తరలిపోవును. అట్టి యింటినుండి కళాశాలకు వచ్చిన బిడ్డకు దారి చెప్పగల చదువరి ఇంటిలో ఉండడు. పైగా 2021-22 విద్యాసంవత్సరమున రాష్ట్రమందలి డిగ్రీ తరగతులు ఆంగ్లమాధ్యమమునకు మార్చబడినవి. తెలుగులోను, సరిహద్దు గ్రామములందు కన్నడములోను చదివి వచ్చినవాడు తొలి నెలలోనే పాఠము బోధపడక "నాకు తెలివి లేదు" అని తీర్మానించుకొనును. భాష రాకుండుట వేఱు, బుద్ధి లేకుండుట వేఱు. మొదటి కొఱత అభ్యాసముచే తీరును. ఈ భేదము నెఱుగక చదువు మానిన బిడ్డ తన కష్టమునే కాక, తల్లిదండ్రులు ఎండలో ఆర్జించిన కూలిని కూడ పోగొట్టుకొన్నవాడగును.

మఱి శక్తిని కనుగొనుట ఎట్లు? మార్కుల పట్టిక కొంతవఱకే చెప్పును. మిగిలినది మీరు ఇదివఱకు చేసిన పనులలో వెదకవలెను. ఒక నోటుపుస్తకమున మూడు గళ్లు గీయుడు. మొదటి గడిలో ఇంటను, పొలమునను, అంగడిలోను, బడిలోను మీరు చేసిన పనులను వ్రాయుడు. రెండవ గడిలో, వానిలో ఒకరు చెప్పకయే చేసినవానిని, ప్రొద్దు తెలియక చేసినవానిని గుర్తింపుడు. మూడవ గడిలో ఆ పనికి కావలసిన శక్తి యేదో దాని పేరు వ్రాయుడు. ఇంటిల్లిపాది కూలిలెక్కను మేస్త్రీతో వాదించి సరిచూచిన బాలిక "నాకేమియు రాదు" అనును. ఆమెకు గణితమును వచ్చును, జంకు లేక మాటాడుటయు వచ్చును. మందలో రోగము సోకిన గొఱ్ఱెను చూపుతోనే పట్టగలవానికి పరిశీలనాశక్తి కలదు. అయితే ఈ పట్టికను మీరొక్కరే నింపిన చాలదు. మీచేత పని చేయించిన పెద్దలకును, మీ నెఱిగిన ఉపాధ్యాయునకును చూపుడు. తన వీపు తనకు కనబడదు గదా!

పిదప ఆ శక్తికి తగిన విద్య యేదో చూడవలెను. మన నేలనే తీసికొందము. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగు 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి గ్రంథము ప్రకటించెను. మన ఊళ్ల పేర్లు ఆ శాస్త్రమున శిలాసముదాయముల పేర్లై నేటికిని నిలిచియున్నవి. మంగంపేట ముగ్గురాయి నిక్షేపము లోకప్రసిద్ధము. తండ్రితోపాటు బండలు తీసిన కుఱ్ఱవాడు పొరను తడవి చూచి అది ఎచట చీలునో చెప్పగలడు. ఆ యెఱుకను శాస్త్రముగా పెంపొందించు భూవిజ్ఞానమను చదువొకటి కలదని అతనికి చెప్పువారు కావలెను. అట్లే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. 1954లో వారికి పద్మశ్రీ లభించినది. అట్టి సంఘము నడచుటకు మగ్గముతోపాటు జమాఖర్చులు, సరకు అమ్మకము, మనుష్యులను కూడగట్టు నేర్పు కావలెను. నేతయింటి బిడ్డకు వాణిజ్యశాస్త్రము పరాయి చదువు కాదు. విత్తనముల మర్మ మెఱుగగోరువాడు 1906లో నంద్యాలలో నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానమును ఒకమాఱు చూచి రావలెను.

ఇచట తల్లిదండ్రులకు ఒక మాట. వైద్యము, ఇంజనీరింగు తప్ప తక్కినవి చదువులే కావను తలంపు మంచిది కాదు. 12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుని చెంతజేరిన శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వారి కాయకము వారి పేళ్లలోనే నిలిచినది. పనికి గౌరవము చేయువాని నిష్ఠనుబట్టి కలుగునని వారి జీవితములు బోధించుచున్నవి. బిడ్డ శక్తి ఒకవైపును, మన పంతము వేఱొకవైపును లాగినచో మధ్య నలిగిపోవునది బిడ్డయే.

శక్తి తెలిసిన పిదప గమ్యమును తేదీలతో వ్రాసికొనవలెను. గమ్యమునుండి వెనుకకు లెక్కించుట సులభమైన పద్ధతి. ఉపాధ్యాయుడు కాగోరువాడు డిగ్రీ పిమ్మట ఎడ్‌సెట్ వ్రాసి, రెండేండ్లు బి.ఇడి. చదివి, టెట్, డీయస్సీ పరీక్షల నెదుర్కొనవలెను. అనగా నేటినుండి అయిదేండ్లకు పైబడిన ప్రయాణము. దాని వ్యయమెంత, ఉపకారవేతనమెంత, ఇంటివారు భరింపగలిగిన దెంత అను లెక్క మొదటి యేడే తల్లిదండ్రుల యెదుట పెట్టవలెను. ఆడబిడ్డ విషయమున ఇది మఱియు ముఖ్యము. వ్రాతలోనున్న ప్రణాళికను నడుమ త్రుంచివేయుటకు పెద్దలు ఒకింత ఆలోచింతురు.

మొదటి యేట ఆంగ్లమున దినమునకు ఒక పుట చదివి, దాని సారమును సొంతమాటలలో వ్రాయుడు. 2020-21లో రాష్ట్రమున ప్రవేశపెట్టిన డిగ్రీ ప్రణాళికలో పది నెలల పని అనుభవమును చేర్చిరి. అట్టి అవకాశము దొరికినపుడు సంతకము కొఱకు గాక పని నేర్చుకొఱకు పొండు. అనుకొన్న దారి మూసికొనిపోయినచో పట్టుకొనుటకు రెండవ దారి నొకదానిని కూడ అదే పుటలో వ్రాసియుంచుడు. ప్రతి ఆఱు నెలలకు ఆ పుట తీసి, జరిగినదానిని, జరుగనిదానిని గుర్తింపుడు. గమ్యము మార్చుకొనుటలో తప్పు లేదు. ఏల మార్చితిమో తెలిసి మార్చుకొనవలెను.

అభ్యాసము: ఈ వారములోగా మూడు గళ్ల పట్టికను నింపి, మీ మేలు కోరు ఇద్దఱు పెద్దలకు చూపి, వారు చెప్పిన మాటలను దాని క్రింద వ్రాసికొనుడు.